పీరియడ్స్‌కి ముందు పది రోజులు నేను నేనులా ఉండను, డాక్టర్‌కి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మొన్న పాలు పొంగాయని గిన్నె సింక్‌లోకి విసిరికొట్టి, వంటింట్లో నేల మీద కూర్చుని గంటసేపు ఏడ్చాను. మా పాప తలుపు పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. ఆ చూపు మర్చిపోలేకపోతున్నాను. ప్రతి నెలా ఇంతే. బ్లీడింగ్ మొదలైన రెండో రోజుకల్లా మబ్బు విడిపోయినట్టు మామూలు మనిషినైపోతాను.

మా ఫ్యామిలీ డాక్టర్ "అందరికీ ఉండేదే" అని ఐరన్ మాత్రలు రాసి పంపేశారు. చదివితే పీఎండీడీ అని, పీరియడ్స్‌కి ముందు మనసును తీవ్రంగా కుంగదీసే జబ్బు ఒకటుందని, 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 అనే, మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకంలో దాన్ని డిప్రెషన్ జబ్బుల్లో చేర్చారని, నిర్ధారించాలంటే కనీసం రెండు నెలలు లక్షణాలు రోజూ రాసుకోవాలని తెలిసింది. రాస్తున్నాను, ఇది రెండో నెల.

ఈ నోట్‌బుక్ చూపిస్తే ఫ్యామిలీ డాక్టరే మందు మొదలుపెడతారా, సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలా? ఎస్ఎస్ఆర్ఐ అనే డిప్రెషన్ మాత్రలు నెలంతా కాకుండా పీరియడ్స్‌కి ముందు రెండు వారాలే వేసుకున్నవాళ్లు ఉన్నారా? మీకెలా పనిచేసింది?

ఇంకొకటి. ఆ రోజుల్లో ఒక్కోసారి బతకాలనిపించదు. మావారికి నిన్ననే చెప్పాను, ఈసారి తనూ నాతో వస్తానన్నారు. డాక్టర్‌తో ముందుగా ఈ మాటే చెప్పాలనుకుంటున్నాను. గొంతు పూడుకుపోకుండా ఎలా మొదలుపెట్టాలో, మీలో ఎవరైనా చెప్పి ఉంటే దయచేసి రాయండి.