బోటు ఇంజన్ తిరుగుతోంది, స్టార్ట్ కావట్లేదు

అన్నలూ, చిన్న సాయం కావాలి. మాది ఉప్పాడ. ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజన్. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే కప్పి పెట్టేశాం, లోపలి పెట్రోలు తీయలేదు (తప్పు నాదే). జూన్ 14 దాటాక తాడు లాగితే బాగానే తిరుగుతోంది, అంటుకోవట్లేదు.

ఆపే స్విచ్ క్లిప్పు సరిగానే ఉంది. ఆయిల్ కలిపి కొత్త పెట్రోలు పోశాను. ప్లగ్‌లలో స్పార్క్ నీలంగా కొడుతోంది. కానీ 20 సార్లు లాగాక విప్పి చూసినా ప్లగ్ మొన పొడిగానే ఉంది! ట్యాంకు నుంచి ఇంజన్‌కి వెళ్లే పెట్రోలు గొట్టం మధ్యలో, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే రబ్బరు బల్బు ఎంత నొక్కినా గట్టిపడట్లేదు. ప్లగ్ రంధ్రంలో కాస్త పెట్రోలు వేస్తే రెండు సెకన్లు మోగి ఆగిపోయింది.

మెకానిక్ కార్బొరేటర్ మొత్తం మార్చాలంటున్నాడు. నాకు బల్బు మీదే అనుమానం. ముందు బల్బు, గొట్టం మార్చి చూడనా, లేక ఫ్యూయల్ పంపు డయాఫ్రం (పెట్రోలు లాగే లోపలి పల్చటి పొర) విప్పనా?