జేమ్స్ బాండ్ పాత్రధారులను దేని ఆధారంగా పోల్చాలి?

ప్రశ్న

1962 నాటి ‘డాక్టర్ నో’ మొదలుకొని 2021 నాటి ‘నో టైమ్ టు డై’ వరకు ఇయాన్ సంస్థ నిర్మించిన 25 బాండ్ చిత్రాలను వరుసగా చూశాను. షాన్ కానరీ, జార్జ్ లాజెన్‌బీ, రోజర్ మూర్, టిమొతీ డాల్టన్, పియర్స్ బ్రాస్నన్, డేనియల్ క్రెయిగ్ అనే ఆరుగురిలో ఎవరు మేటి అన్న చర్చ ఎక్కడ జరిగినా కానరీ పేరు చెప్పి ముగిస్తున్నారే తప్ప, కారణం ఎవరూ వివరించడం లేదు. మూర్ చిత్రాలకు హాస్యం పాళ్లు ఎక్కువగా ఉన్న కథలు రాశారు, క్రెయిగ్‌కు కరుకైన కథలు రాశారు. అలాంటప్పుడు నటుడి ప్రతిభ ఎంత, రచయిత ఇచ్చింది ఎంత అన్నది ఎలా విడదీయాలి?

జవాబు 1

మొత్తం చిత్రాలను పక్కపక్కన పెడితే అది తేలదు. ఒకే సందర్భం వేర్వేరు నటులకు ఎదురైన చోట్లను పోల్చి చూడండి. బాండ్ భార్య ట్రేసీ మరణం అందుకు చక్కగా సరిపోతుంది. 1969లో వచ్చిన ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’లో పెళ్లయిన కాసేపటికే ఆమె కారులో తుపాకీ గుండుకు బలవుతుంది. దగ్గరకు వచ్చిన పోలీసుతో, ఆమె విశ్రాంతి తీసుకుంటోందని, తొందరేమీ లేదని లాజెన్‌బీ మెల్లగా చెబుతాడు. అంతకుముందు మోడల్‌గా పనిచేసిన, సినిమా అనుభవం లేని ఆ నటుడు అక్కడ గొంతు పెంచకుండా, చెప్పే మాటను తానే నమ్మాలని ప్రయత్నిస్తున్నవాడిలా పలకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

1977 నాటి ‘ద స్పై హూ లవ్డ్ మీ’లో అదే గాయం మూర్‌కు వస్తుంది. సోవియట్ గూఢచారిణి ఆన్యా అతని వివరాలన్నీ ఏకరువు పెడుతూ భార్య ప్రస్తావన తేగానే, అంతవరకు చిరునవ్వుతో వింటున్న మూర్ ముఖం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, ఆమె మాటను మధ్యలోనే ఆపేస్తాడు. మూర్‌కు హాస్యం తప్ప మరేమీ రాదనేవారు ఆ సన్నివేశాన్ని మళ్లీ చూడాలి. ఇక 1989లో ‘లైసెన్స్ టు కిల్’లో, తర్వాతి పెళ్లి నీదేనని స్నేహితుడి భార్య సరదాగా అన్నప్పుడు డాల్టన్ ఆ మాటను తప్పించుకొని వెళ్లిపోతాడు. ముగ్గురిలోనూ నాకు ఎక్కువ నచ్చింది డాల్టనే, ఎందుకంటే అతని బాండ్‌లో ఆ బాధ మిగతా చిత్రమంతటా పగగా కొనసాగుతుంది.

జవాబు 2

పై పద్ధతి బాగుంది కానీ, అందులో కానరీ, బ్రాస్నన్, క్రెయిగ్‌లకు చోటు లేదు. వారి విషయంలో హత్యా సన్నివేశాలు చూడాలి. ‘డాక్టర్ నో’లో తనను చంపడానికి వచ్చిన ప్రొఫెసర్ డెంట్ తుపాకీలో గుళ్లు అయిపోయాయని తెలిసి కూడా కానరీ అతణ్ని నింపాదిగా కాల్చేస్తాడు. 2006 నాటి ‘క్యాసినో రాయల్’లో మెట్ల మీద ప్రాణాలకు తెగించి పోరాడిన క్రెయిగ్, గదిలోకి వెళ్లి నెత్తుటి చొక్కాతో అద్దంలో తనను తాను చూసుకుంటూ విస్కీ తాగుతాడు. మొదటివాడికి చంపడం ఉద్యోగం, రెండోవాడికి ఆ ఉద్యోగం ఒంటిమీద మిగిలే గాయం.

బ్రాస్నన్‌కు మాత్రం అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. 1999లో ‘ద వరల్డ్ ఈజ్ నాట్ ఎనఫ్’లో తాను దగ్గరైన, చివరికి ప్రతినాయికగా తేలిన ఎలక్ట్రాను ఎదుటే కాల్చి, వెంటనే ఆమె మీదికి వంగిన ఆ కొన్ని క్షణాల్లో కానరీ నిర్దయ, క్రెయిగ్ వేదన రెండూ కనిపిస్తాయి. పైగా బ్రాస్నన్ నటించిన ‘గోల్డెన్ ఐ’, క్రెయిగ్ నటించిన ‘క్యాసినో రాయల్’ రెండింటికీ దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్లే కాబట్టి, ఈ ఇద్దరి తేడాను పరిశీలించడానికి ఆ జంట చిత్రాలు మరింత ఉపయోగపడతాయి.

జవాబు 3

చిత్రాల సంఖ్యను మాత్రం కొలమానంగా తీసుకోకండి. మూర్ ఏడు చిత్రాల్లో నటించగా లాజెన్‌బీ ఒక్కదానితోనే తప్పుకున్నాడు. 1989 తర్వాత న్యాయ వివాదాల వల్ల ఆరేళ్లపాటు కొత్త బాండ్ చిత్రమే రాలేదు, ఈలోగా డాల్టన్ వైదొలగడంతో 1995లో బ్రాస్నన్ వచ్చాడు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. ట్రేసీ ప్రస్తావన ఉన్న చిత్రాలనే ముందుగా మళ్లీ చూస్తాను. 1981 నాటి ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ ఆరంభంలో మూర్ ఆమె సమాధి దగ్గర పూలు ఉంచే దృశ్యాన్ని కూడా ఈ వరుసలో చేర్చాలని నా కోరిక.