గెడ్డ పక్కన పిన్ని ఇంటికి వచ్చిన నోటీసు: కౌన్సిల్ ఆపగలదా, వేరే ఇల్లు అడగవచ్చా?

ప్రశ్న (పెద్దమ్మాయి)

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లాలోని ఒక పురపాలక పట్టణంలో ఉన్న మా పిన్ని, బాబాయిల ఇంటి గురించి తెలిసినవారి సలహా కోరుతున్నాను. నేను శ్రీకాకుళంలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి వారి తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగేది నేనే, వారిద్దరికీ చదువు లేదు.

ఇంటి స్థలం 40 గజాలు. బాబాయి కళాసీగా పనిచేసిన రోజుల్లో కొన్నది, రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, ఇంటిపన్ను ఏ ఏడూ బాకీ లేదు. ఇంటి ముందు సన్నని దారి, దారికి అవతల గెడ్డ, అంటే వాగు. మూడేళ్ల కిందట మా తమ్ముడి పెళ్లి కుదిరినప్పుడు, కొత్త కోడలికి చోటు ఉండదని పైన ఒక గది వేసి, బయటి నుంచి మెట్లు కట్టించారు. ప్లాను పెట్టలేదు. ఇంత చిన్న గదికి ప్లాను దేనికమ్మా అని మేస్త్రి అంటే పిన్ని నమ్మింది.

వారం కిందట నోటీసు తెచ్చి గుమ్మం పక్కన అంటించి, ఫోటో తీసుకుని వెళ్లారు. మా వరుసలో మొత్తం 22 ఇళ్లకు అదే నోటీసు, చేతితో రాసిన ఇంటి నంబరు ఒక్కటే తేడా. "అనుమతి లేని నిర్మాణం" అనీ, "గెడ్డ ఆక్రమణ" అనీ రెండు మాటలూ అందులో ఉన్నాయి. మా కౌన్సిలర్ గారిని కలిస్తే, వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టించి ఆపిద్దాం, కంగారు పడకండి అన్నారు. ఆ మాటను నమ్ముకుని కూర్చోవచ్చా? ఆపడం కుదరకపోతే టిడ్కో ఇల్లు (పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన అపార్టుమెంటు) గాని, స్థలం గాని ఇమ్మని అడిగే హక్కు వీరికి ఉందా? మెయిన్ రోడ్డులో అనుమతికి మించి అంతస్తులు వేసిన భవనాలు కనిపిస్తూనే ఉండగా ముందు మా వీధికే ఎందుకు వచ్చారని అడగడం తప్పా? ఈ మూడింటికీ ఎవరైనా వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1 (విశ్రాంత టౌన్ ప్లానింగ్ ఉద్యోగి)

అమ్మా, మీరు రాసిన ఉత్తరంలో అసలు విషయం ఆ నోటీసులోని రెండు మాటల దగ్గరే ఉంది. అనుమతి లేని నిర్మాణం వేరు, గెడ్డ ఆక్రమణ వేరు. మొదటిది మీ సొంత స్థలంలో మీరు చేసిన లోపం, దానికి దిద్దుబాటు ఉంటుంది. రెండోది మీది కాని స్థలంలో ఉండడం, దానికి దాదాపు దిద్దుబాటు లేదు. 22 ఇళ్లకూ ఒకే కాగితం ఇచ్చారంటే ఏ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో కొలిచి చూడకుండానే ఇచ్చారని నా అనుమానం. నా ఉద్యోగ జీవితంలో ఇలాంటి నోటీసులు చాలా చూశాను, కొన్ని నా చేతులమీదుగానే వెళ్లాయి, అందుకే ఇది బాధతో చెబుతున్నాను.

మీది పురపాలక సంఘం కాబట్టి 1965 నాటి పురపాలక సంఘాల చట్టంలోని 228వ సెక్షన్ వర్తిస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం వంటి నగరపాలక సంస్థల్లో అయితే 1955 నాటి కార్పొరేషన్ల చట్టంలోని 452, 636 సెక్షన్లు వస్తాయి. రెండింటి దారీ ఒకటే: మొదట తాత్కాలిక ఉత్తర్వు, దానికి మీ సంజాయిషీ, అది తృప్తికరంగా లేకపోతే ఖరారు ఉత్తర్వు, ఆ తరువాతే కూల్చివేత. సంజాయిషీ ఇవ్వకుండా ఊరుకోవడమే ఈ దారిలో మనుషులు చేసే పెద్ద పొరపాటు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాలి, 15 రోజుల గడువు ఇవ్వాలి, మీ మాట వినాలి, ఖరారు ఉత్తర్వు తరువాత మరో 15 రోజులు ఆగాలి. అయితే రోడ్డు, కాలిబాట, నది, చెరువు వంటి చోట్ల ఉన్న ఆక్రమణలకు ఈ రక్షణ వర్తించదని అదే తీర్పులో స్పష్టంగా ఉంది. మీ ఇల్లు గెడ్డలో ఉందా, మీ స్థలంలో ఉందా అన్నది ముందు తేలాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు మీ గది సంగతి. 2017 నాటి భవన నిర్మాణ నియమావళి ప్రకారం 50 చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకోవచ్చు, ముందువైపు 1.5 మీటర్లు వదిలితే పక్కల వదలనవసరం లేదు. మీ 40 గజాలంటే సుమారు 33 చదరపు మీటర్లు, కాబట్టి పైగది వేసుకోవడం నిషేధం కాదు, అనుమతి తీసుకోకపోవడమే తప్పు. గెడ్డ వెడల్పు 10 మీటర్లకు మించితే గట్టు నుంచి 9 మీటర్లు, అంతకు లోపు ఉంటే 2 మీటర్లు ఖాళీగా ఉంచాలనే నిబంధన కూడా ఉంది. మీ ముందు దారి ఉంది అన్నారు, అది మీకు మేలు చేయవచ్చు. మెట్లు ఎక్కడ దిగాయో మీరు రాయలేదు, నా భయమల్లా అక్కడే.

అక్రమ నిర్మాణాల క్రమబద్ధీకరణ, అంటే బి.పి.ఎస్., మన రాష్ట్రంలో 2007, 2015, 2019లలో వచ్చింది. 2025లో మళ్లీ ప్రకటించి, ఆ ఏడాది ఆగస్టు 31 వరకు కట్టినవాటిని చేర్చారు. దరఖాస్తు గడువు ఎంతవరకు ఉందో వార్డు సచివాలయంలో అడగండి. ప్రభుత్వ భూమికి, చెరువు శిఖానికి (చెరువు నీరు నిలిచే భూమికి), కాలువ హద్దుకు ఈ పథకం వర్తించదు. ఇంటిపన్ను రసీదు చూపి, పన్ను కట్టించుకున్నారు కదా అని వాదించకండి, అనుమతి లేని కట్టడానికి అపరాధ రుసుంతో సహా పన్ను వేస్తారు, దానివల్ల కట్టడం సక్రమం అయిపోదు. దస్తావేజు నకలు, లింకు దస్తావేజులు (ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), కరెంటు బిల్లు జతచేసి, "మా సమక్షంలో సర్వే చేయించి హద్దులు తేల్చండి" అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాసి, కమిషనర్ గారి పేరిట ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకోండి. రేపే వెళ్లండి.

జవాబు 2 (పూర్వ కౌన్సిలర్)

మీ కౌన్సిలర్ గారి మనసు మంచిదే కావచ్చు, కానీ తీర్మానంతో నోటీసు ఆగదు. ఆ అధికారం చట్టం కమిషనర్‌కు ఇచ్చింది, కౌన్సిల్‌కు కాదు. పరిధి దాటి చేసిన తీర్మానాన్ని ప్రభుత్వం రద్దు చేయగలదు. నేను సభ్యురాలిగా ఉన్న రోజుల్లో ఒక కాలువ వీధి విషయంలో మేమందరం బల్లలు చరిచి తీర్మానం చేశాం. పది రోజుల్లో కూల్చే యంత్రం వచ్చింది, ఆ వీధి ఆడవాళ్లు మా ఇంటిముందుకు వచ్చి నిలబడితే చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. అందుకే మీకు తీర్మానం మీద ఆశ పెట్టవద్దంటున్నాను.

అలాగని కౌన్సిల్ చేయగలిగింది లేదనుకోవద్దు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో భవన నిర్మాణ నియంత్రణ ఉంది, మురికివాడల మెరుగుదల ఉంది, పట్టణ పేదరిక నిర్మూలన ఉంది. గత రెండేళ్లలో ఎవరెవరికి అక్రమ నిర్మాణ నోటీసులు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, ప్రతి ఒక్కటి ఇప్పుడు ఏ దశలో ఉంది అన్న జాబితాను ఎజెండాతో పాటు సభ ముందు పెట్టమని సభ్యుడు అడగవచ్చు. మీ మూడో ప్రశ్నకు జవాబు ఆ జాబితాలోనే దొరుకుతుంది. మెయిన్ రోడ్డు భవనాలను కూల్చలేదు కాబట్టి మమ్మల్నీ వదలండి అంటే ఏ కోర్టూ వినదు, కానీ వాటిని ఎందుకు వదిలారని అడగడం పౌరుల హక్కు, అందులో తప్పు ఏమాత్రం లేదు. కౌన్సిలర్ అడగకపోతే మీరే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుంతో అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

గెడ్డకు రక్షణ గోడ కట్టడానికి నిధులు, ఖాళీ చేయవలసిన కుటుంబాలకు ఇళ్ల స్థలాలు కోరుతూ కలెక్టరు గారికి తీర్మానం పంపడం, ఖాళీ చేయించే తేదీని ఇల్లు అప్పగించే తేదీతో ముడిపెట్టమని కోరడం, ఇవన్నీ కౌన్సిల్ పరిధిలోనివే. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం గడువు ముగిశాక ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారుల పాలనే సాగింది, అక్కడివారికి ఇలా సభలో అడిగించుకునే మనిషే లేకపోయాడు. మీకు ఉన్నారు, వారి చేత చేయించవలసిన పని ఇది.

జవాబు 3 (దిగువ వీధివాడు)

నేను మీ పట్టణం వాడిని కాను, కానీ ఒక గెడ్డకు దిగువన ఉన్నవాడిని, కాబట్టి ఈ మాట కూడా మీరు వినాలి. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను రాత్రి మా వీధిలో నీళ్లు మంచం కోళ్లు దాటి పైకి వచ్చాయి. మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని బల్లమీదకు ఎక్కించి తెల్లవారేదాకా పట్టుకుని నిలబడ్డాము. ఎగువన ఒక్కొక్కరు గెడ్డలోకి రెండేసి అడుగులు జరిగి గట్టు కట్టుకుంటే ఆ నీరు దిగువకు వచ్చి మా ఇళ్లలో నిలుస్తోంది. రెండు అడుగుల మెట్టు ఆ ఇంటివారికి చిన్నదే, కానీ 20 ఇళ్లవారు అలాగే వేసుకుంటే నీటికి దారి ఇరుకైపోతుంది. మీ పిన్నిగారి ఇల్లు నిలబడాలని నేనూ కోరుకుంటున్నాను, గెడ్డలోకి దిగినంత మేర మాత్రం, అది ఎవరిదైనా సరే, తీయించవలసిందే.

జవాబు 4 (టిడ్కో నివాసి)

ఇల్లు అడగడం గురించి నా అనుభవం చెబుతాను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టిన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో మూడు రకాలు. 300 అడుగులదాన్ని రూపాయికే ఇస్తామని ప్రభుత్వం 2020లో ప్రకటించింది, 365 అడుగులదానికి లబ్ధిదారు వాటాను 50,000 నుంచి 25,000కు తగ్గించారు, మిగతాది బ్యాంకు రుణం. దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరా పక్కా ఇల్లు ఉండకూడదన్నది ముఖ్యమైన షరతు. కాబట్టి దస్తావేజుతో సొంత ఇల్లున్న మీ పిన్నిగారికి అది రాదు. మీ వరుసలో కాగితం లేకుండా పోరంబోకులో ఉన్నవారికే ఆ అవకాశం, వారి పేర్లే ముందు రాయించండి.

అభ్యంతరం లేని (అంటే చెరువు, వాగు వంటివి కాని) ప్రభుత్వ భూమిలో 2019 అక్టోబరు 15 నాటికి ఇల్లు కట్టుకుని ఉంటున్న పేదలకు 150 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించే పథకం 2025లో వచ్చింది. గెడ్డ అభ్యంతరకర భూమే కాబట్టి అది వీరికి ఉపయోగపడదు, ఎవరైనా డబ్బు తీసుకుని చేయిస్తామంటే నమ్మకండి.

ఇల్లు వచ్చాక సంగతి కూడా తెలిసి ఉండాలి. మా ఇంటి గోడలు ఇటుకవి కావు, మొత్తం కాంక్రీటు పోసినవి. దేవుడి పటానికి మేకు కొడితే మేకే వంకరపోయింది, డ్రిల్లింగు మిషను తెప్పించవలసి వచ్చింది. పిల్ల పెళ్లయితే పైన మరో గది వేసుకోవడం అన్న మాటే లేదు. మా ఆవిడ నాలుగిళ్లలో పాచిపని చేసేది. ఊరికి దూరం కావడంతో పొద్దున్నే ఆటోకు పెట్టేది పోను మిగిలేది లేక రెండిళ్లు మానేసింది. అయినా వానాకాలం రాత్రి నిద్రపడుతోంది, ఆ మాట కూడా నిజమే. పాత చోటికి దగ్గరలో అడగండి, రాసి అడగండి.

ప్రశ్నించినవారి నుంచి, 16 రోజుల తరువాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. విశ్రాంత ఉద్యోగి గారు చెప్పినట్టే మరునాడు సంజాయిషీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. మొన్న శుక్రవారం సర్వేయరు గారు గొలుసుతో వచ్చి, వీధి చివర రాయి దగ్గర నుంచి కొలిచారు. ఇల్లు మొత్తం మా స్థలంలోనే ఉంది. మెట్లు మాత్రం కింది నాలుగూ, పిన్ని అంట్లు తోముకునే గట్టూ కలిసి అడుగున్నర మేర గెడ్డ వైపుకు వెళ్లాయి. మా కుడివైపు తొమ్మిది ఇళ్లు సగానికి పైగా గెడ్డ పోరంబోకులో ఉన్నట్టు తేలింది.

దిగువ వీధి సోదరుడు రాసింది పిన్నికి చదివి వినిపించాను. ఆమె కాసేపు మాట్లాడలేదు, తరువాత బాబాయిని పిలిచి మేస్త్రికి కబురు పెట్టమంది. ఆదివారం ఆ నాలుగు మెట్లూ, గట్టూ మేమే పగలగొట్టించాము, ఇంటిలోపలి నుంచి ఇనుప మెట్లు పెట్టిస్తున్నాము. ఆ ఫోటోలు, బి.పి.ఎస్. దరఖాస్తు రసీదు జతచేసి రెండో అర్జీ ఇచ్చాను.

తొమ్మిది కుటుంబాల పేర్లతో వేరే అర్జీ రాసి సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చాము, నోటీసుల జాబితా కోరుతూ సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టాను. కౌన్సిలర్ గారు తీర్మానం మాట మానుకుని, ఆ తొమ్మిది ఇళ్లను ఖాళీ చేయించే ముందు ఇళ్లు చూపించాలన్న అంశాన్ని ఈ నెల ఎజెండాలో చేర్పించారు. సమావేశం 28న ఉంది. ఆ తొమ్మిది ఇళ్లలో ఒకామె భర్త పేర వేరే మండలంలో రేకుల ఇంటి వాటా ఉందట. దానివల్ల ఆమె అర్హత పోతుందా, రేకుల ఇల్లు పక్కా ఇల్లు కిందకు వస్తుందా అన్నది తెలిసినవారు 28లోగా చెప్పగలరా?