వేసవిలో వంశధార నీటిని సముద్రం దాకా వదలాలా?

కళింగపట్నం తీరం:
మా ఊరివాళ్లం, గార మండలంలో ఇంకొన్ని ఊళ్లవాళ్లం కలిసి కలెక్టరు గారికి, జలవనరుల శాఖకు ఒక అర్జీ ఇస్తున్నాం. ఫిబ్రవరి నుంచి మే ఆఖరు దాకా గొట్టా బ్యారేజీ నుంచి రోజూ కొంత నీరు కిందికి వదలాలి. ఎంత వదిలారో అందరికీ కనిపించేలా బోర్డు మీద రాయాలి. అడుగుతున్నది ఇంతే.

ఎండాకాలం గొట్టా దిగువన ఏరు మడుగులుగా తెగిపోతోంది. ఏటి తోపు లేకపోతే కెరటాలు తెచ్చిన ఇసుక మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, మేట వేస్తుంది. మొగ సన్నబడితే పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు ఏట్లోకి ఎక్కలేవు. మిగిలిన సందులోంచి వచ్చే పోటు నీటికి ఎదురు ఉండదు. మా గట్టు వార బోర్లు ఉప్పగా మారాయి. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.

నందిగాం శివారు:
తమ్ముడూ, నేను పెట్టను. మాది ఎడమ కాలువ చివర. గొట్టా నుంచి కాలువ వంద కిలోమీటర్లకు పైగా నడిచి మా వైపు వస్తుంది. వచ్చేసరికి అడుగున తడి మాత్రం ఉంటుంది. పోయినేడాది నారు ముదిరిపోయాక గాని ఉభాలు (నాట్లు) పడలేదు. ఊళ్లో ఒకరి దగ్గర వడ్డీకి తెచ్చిన డబ్బు ఇంకా తీరలేదు. మా పొలం తడవకుండానే సముద్రానికి నీళ్లా? వర్షాకాలంలో పోతున్నది చాలదా? 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఏరు ఊళ్ల మీదికే వచ్చింది. ఆ నీరంతా ఎక్కడికి పోయింది?

పొందూరు:
రైతు ముందు. ఆ తర్వాతే ఏదైనా.

టెక్కలి మాస్టారు:
అక్టోబరు వరదను మే నెల అవసరానికి లెక్కలో వేయకూడదు. వరద ఒండ్రు తెస్తుంది, మొగను తెరుస్తుంది, అది కావాల్సిందే. కానీ చేపపిల్ల ఎదగడానికి, ఉప్పునీటిని వెనక్కి నెట్టడానికి నెలల తరబడి సన్నగానైనా పారుతుండాలి. ఇది ఎవరో కొత్తగా పుట్టించిన మాట కాదు. 2012 జాతీయ జలవిధానం నదిలో కొంత నీరు పర్యావరణం కోసం ఉంచాలంది. నదుల్లో వేసవి సగటు ప్రవాహంలో 15 నుంచి 20 శాతమైనా పారేలా చూడమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 ఆగస్టులో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. కావేరి తీర్పులో 10 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) పర్యావరణానికని విడిగానే రాశారు.

మన దగ్గర లెక్క వేసి చూడండి. వంద క్యూసెక్కులు, అంటే సెకనుకు వంద ఘనపుటడుగులు, నాలుగు నెలలు ఆపకుండా వదిలితే ఒక టీఎంసీకి కాస్త పైన అవుతుంది. వంశధార నీటిని నిల్వ చేసే హిరమండలం రిజర్వాయరు సామర్థ్యం సుమారు 19 టీఎంసీలు.

నందిగాం శివారు:
ఒక టీఎంసీ అని తేలిగ్గా అనేశారు మాస్టారూ. వరికైతే అది దగ్గర దగ్గర ఆరు వేల ఎకరాలు. ఆ ఆరు వేల ఎకరాలు ఎవరివి? ఊరు పేరు చెప్పండి.

టెక్కలి మాస్టారు:
వేసవిలో మన ఆయకట్టులో వరి అంతంత మాత్రమే కదా. ఖరీఫ్ నీటిని ఎవరూ అడగలేదు.

నందిగాం శివారు:
అపరాలకూ ఒక తడి కావాలి. రిజర్వాయరు నిండితే మాకూ రెండో పంట వస్తుందని చెప్పారు. ఆ ఆరు వేల ఎకరాల మాటకు జవాబు రాలేదు.

ఆమదాలవలస ఏటిగట్టు:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. బోర్లు ఉప్పబారడానికి కారణం ఇసుక తవ్వకం. ఏట్లో ఇసుక ఉంటే అందులో నీరు నిలిచి చుట్టుపక్కల బావుల్లోకి ఊరుతుంది. శ్రీకాకుళం పట్నం తాగుతున్నది నాగావళి ఇసుకలో ఊరిన నీరే. మా రేవు దగ్గర యంత్రాలు పెట్టి బంకమన్ను తేలేదాకా తవ్వేశారు. అడిగినందుకు మా అన్నయ్య మీద కేసు పెట్టించారు, ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు. ముందు ఇసుక ఆపించండి, నీరు తర్వాత అడుగుదురు గాని.

కళింగపట్నం తీరం:
ఇసుక తవ్వకం ఆపాలన్నది కూడా అర్జీలో రాస్తాం. కానీ ఇసుక ఒక్కటే ఆపితే సరిపోదు. పైనుంచి ఏరు పారకపోతే ఆ ఇసుకలోకి ఊరడానికి నీరెక్కడిది?

ఆమదాలవలస ఏటిగట్టు:
ఇసుక లేనిచోట వంద క్యూసెక్కులు వదిలినా నిలవదు. ఇది రాసి పెట్టుకోండి.

తేలుకుంచి:
ఒక్క మాట. మా ఊరికి వచ్చే నత్తగుల్ల కొంగలు వరిమళ్లలో నత్తలు తిని బతుకుతాయి. కాలువ నీరు కూడా పక్షికి తిండి పెడుతోంది. పొలానికిచ్చిన నీరంతా ప్రకృతికి దక్కకుండా పోయినట్టు మాట్లాడొద్దు.

కళింగపట్నం తీరం:
నిజమే, ఎవరూ కాదనలేదు. కానీ కొంగకు మడి ఉంది, మా పండుగప్పకు ఏరు తప్ప వేరే చోటు లేదు.

నందిగాం శివారు:
మళ్లీ అడుగుతున్నాను. ఆరు వేల ఎకరాలు ఎవరివి?

కళింగపట్నం తీరం:
అన్నా, అదే ప్రశ్న ఎన్నిసార్లు? మీ శివారుకు నీరు రాకపోవడానికి మా మొగ కారణమా? ఇన్నేళ్లుగా వేసవిలో మాకు చుక్క వదల్లేదు. ఆ మిగిలిన నీరంతా మీకు వచ్చిందా మరి? రాలేదు. పైన కాలువకు గండ్లు కొట్టినవాళ్లను, ఇంజన్లు పెట్టి తోడినవాళ్లను మీరు అడగలేరు. అందుకే మమ్మల్ని అడుగుతున్నారు. వేట లేక మావాళ్లు గుజరాత్‌లో వెరావల్ పోయి పరాయివాళ్ల బోట్ల మీద పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మన జాలర్లనే పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో గాని తిరిగి రాలేదు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పడిన బాధ మీకు ఎకరాల్లో చెప్పమంటారా?

నందిగాం శివారు:
బాధ ఒక్క మీదేనా? మా ఊళ్లో ఇంటికొకరు చెన్నై, హైదరాబాదు పోయి కూలి చేస్తున్నారు. ఉద్దానంలో కిడ్నీలు పోయి జనం డయాలసిస్ మీద ఉన్నారు. వాళ్లకు తాగునీరు పోయేది ఆ హిరమండలం నుంచే. రేపు నీరు తగ్గితే ముందు ఎవరికి కోత పెడతారో నాకు తెలుసు. కాలువ మొదట్లో ఉన్నవాడికి పెట్టరు, ఫ్యాక్టరీకి పెట్టరు, మాకే పెడతారు. పర్యావరణానికి వదిలాం అని ఒక కాగితం కూడా చూపిస్తారు. ఇప్పుడు నీరు రాకపోతే కనీసం ఆఫీసుకెళ్లి గట్టిగా అడుగుతున్నాం. మీ అర్జీ ఒప్పుకుంటే ఆ అడిగే నోరు కూడా పోతుంది. నా భయం ఇదీ.

టెక్కలి మాస్టారు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఎకరాల దగ్గర ఇంతసేపు ఆగేవాళ్లం కాదు.

కొత్తూరు నిర్వాసితుడు:
అన్నీ చదువుతున్నాను. ఇక రాయక తప్పదు. ఆ రిజర్వాయరు అడుగున మా ఊరుంది. మా ఇల్లు, మా తాతల సమాధులు, మా అమ్మవారి గుడి అందులో ఉన్నాయి. ఖాళీ చేయమన్నప్పుడు మాకు చెప్పింది ఒకటే మాట. వంశధార నీరు వృథాగా సముద్రంలో కలుస్తోంది, దాన్ని ఆపితే జిల్లా బతుకుతుంది అన్నారు. ఆ మాట మీద ఊరు వదిలాం. ఇప్పుడు కింద ఒకాయన సముద్రానికి వదలమంటున్నాడు, పైన ఒకాయన మా పొలానికే అంటున్నాడు. ఎవరి పొలం తడిసినా, ఎవరి వలలో చేప పడినా మాకు సంతోషమే. కానీ 'వృథా' అన్నది అబద్ధమైతే, ఆ అబద్ధం చెప్పి మమ్మల్ని లేపినట్టే కదా. నిజమైతే మీ అర్జీ తప్పు. ఏదో ఒకటి తేల్చండి.

కళింగపట్నం తీరం:
వృథా అన్నది అబద్ధమే బాబాయ్. ఆ మాట అన్నప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. నీళ్ల గురించి 1962లో రెండు రాష్ట్రాలు సగం సగం అనుకున్నాయి. 2010లో వేసిన ట్రిబ్యునల్ 2017లో సగం సగమే అంది. వంశధార మీద ఆంధ్రా కట్టుకుంటానన్న నేరడి బ్యారేజీకి ఒప్పుకుంది. ఒడిశా ఎంత, ఆంధ్రా ఎంత, ఏ కాలువకు ఎంత అని ఇన్ని లెక్కలు చూశాం. మొగ దగ్గర బతికేవాళ్లకు ఎంత కావాలని మా వీధిలోకి వచ్చి అడిగినవాళ్లు ఒక్కరు లేరు. మీ ఊరిని అడిగినట్టు నటించారు, మమ్మల్ని అదీ అడగలేదు.

కొత్తూరు నిర్వాసితుడు:
అయితే అర్జీలో ఆ ముక్క రాయండి. సముద్రంలో కలిసే నీరు వృథా అన్న మాట ప్రభుత్వం కాగితాల్లో ఇకమీదట ఉండకూడదు అని. అప్పుడు నా సంతకం, మా కాలనీలో ఇంకొందరి సంతకాలు నేను తెస్తాను.

నందిగాం శివారు:
నాదీ ఒక షరతు. వదిలే నీరు శివారు వాటాలోంచి తీయకూడదు. శివారు చివరి తూము దగ్గర కూడా బోర్డు పెట్టి ఎంత వచ్చిందో రోజూ రాయాలి. శివారుకు అందాకే కిందికి వదలాలి.

కళింగపట్నం తీరం:
తూము దగ్గర బోర్డు రాస్తాను. మీ వాటాలోంచి తీయకూడదన్నదీ రాస్తాను. 'శివారుకు అందాకే' అన్నది మాత్రం రాయను అన్నా. మీ శివారుకు ఏ ఏడూ సరిగ్గా అందలేదని మీరే చెప్పారు. ఆ మాట రాస్తే మాకు ఎప్పటికీ రాదు.

నందిగాం శివారు:
అది లేకపోతే మా ఊళ్లో ఒక్కరూ పెట్టరు.

ఆమదాలవలస ఏటిగట్టు:
ఇసుక సంగతి మొదటి పేజీలో ఉండాలి, చివర కాదు. ముసాయిదా ఇక్కడ పెట్టండి, చదివాకే సంతకం.

కళింగపట్నం తీరం:
ఈ రాత్రికి పెడతాను. 'అందాకే' లేకుండానే పెడతాను.