ఎస్వాటినీలో అభయారణ్యాలు, సంస్కృతి: ఒక పూట సరిపోతుందా?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. ఆగస్టు నెలాఖరులో అమ్మానాన్నలతో దక్షిణాఫ్రికా వెళ్ళాలనుకుంటున్నాము. క్రూగర్ పార్కు చూశాక, 2018 వరకు స్వాజిలాండ్‌గా పిలిచిన ఎస్వాటినీ రాజ్యంలో ఒక పూట ఆగితే చాలునని ట్రావెల్స్ వారు చెబుతున్నారు. అక్కడి జంతువులతో పాటు ప్రజల ఆచారాలను కూడా నిదానంగా చూడాలని నాన్నగారి కోరిక. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. ఏవి చూడాలో, ఎన్ని రోజులు కేటాయించాలో వెళ్ళివచ్చినవారు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం (అన్నానగర్)

ఒక పూట ఎంతమాత్రం చాలదండి. దేశ విస్తీర్ణం 17,364 చదరపు కిలోమీటర్లే, అంటే పాత ప్రకాశం జిల్లా కంటే కాస్త తక్కువే. అయినా పడమట చలి కొండలు, తూర్పున వేడి పల్లపు నేలలు ఉండటంతో జంతువులూ చెట్లూ ప్రాంతానికొక తీరుగా మారిపోతాయి. కనీసం మూడు రాత్రులు ఉంచుకోండి.

సమయం చాలక ఏదైనా వదులుకోవలసి వస్తే మిగతావి వదలండి గాని, మ్ఖాయా అభయారణ్యాన్ని వదలవద్దు. నల్ల, తెల్ల ఖడ్గమృగాలు రెండూ అక్కడ ఉన్నాయి. సొంత కారును లోపలికి అనుమతించరు. నిర్ణీత వేళకు గేటు దగ్గరకు వచ్చి, పైకప్పు లేని జీపులో వారే తీసుకువెళతారు కనుక అమ్మగారికి నడక బెడద ఉండదు. మేము వెళ్ళినప్పుడు గైడు గుప్పెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తోందో చూసి, మా వాసన తగలని వైపు జీపు ఆపాడు. వెడల్పైన మూతిని నేలకు ఆనించి తెల్ల ఖడ్గమృగం గడ్డి కొరుకుతున్న చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది. నల్లదాని పై పెదవి కొక్కెంలా ముందుకు సాగి ఉంటుంది, దానితో అది పొదల ఆకులు తెంపుకుంటుంది.

1988-92 మధ్య ఆ దేశపు ఖడ్గమృగాలు ఎన్నో వేటగాళ్ళకు బలయ్యాయి. 1991లో వేట చట్టాన్ని సవరించి, జరిమానా కట్టి తప్పించుకునే వీలులేని జైలుశిక్ష పెట్టారు. అక్కడి రేంజర్లు ప్రతి జంతువునూ ఎంత శ్రద్ధగా కాపాడుతున్నారో చూస్తే మనసు నిండుతుంది. సింహాలు, ఏనుగులు చూడాలంటే హ్లానే రాయల్ నేషనల్ పార్కుకు వెళ్ళండి. సింహాలున్న భాగంలోకి గైడుతోనే వెళ్ళాలి.

సమాధానం (వలసరవాక్కం)

మీ నాన్నగారి కోరికకు తగిన చోటు ఎజుల్వినీ లోయ. మాంటెంగా సాంస్కృతిక గ్రామంలో 1850ల నాటి స్వాజీ నివాసాలను పునర్నిర్మించారు: వంచి కట్టిన కర్రలపై గడ్డి కప్పిన గుండ్రని గుడిసెలు, రెల్లు దడులు, పశువుల దొడ్డి. సిభాకా నృత్యం కూడా చూడవచ్చు. దగ్గరలోని లోబాంబాలో జాతీయ మ్యూజియం, 1968 సెప్టెంబరు 6న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రాజుగా ఉన్న రెండవ సోభూజా స్మారక ఉద్యానం ఉన్నాయి. మ్లిల్వానే అభయారణ్యంలో సింహాలు, ఏనుగులు లేవు కాబట్టి జీబ్రాల మధ్య నడవవచ్చు. మొసళ్ళు, నీటిగుర్రాలు (హిప్పోలు) ఉన్న నీటి అంచుకు మాత్రం పోకూడదు.

మీరు వెళ్ళే రోజుల్లోనే ఉమ్లాంగా జరిగే అవకాశం ఉంది. అవివాహిత యువతులు రెల్లు కోసి తెచ్చి, రాజమాత నివాసపు దడి బాగుచేయడానికి సమర్పించే ఉత్సవమిది. దీనిని కేవలం ఫోటోల కోసం వచ్చే వేడుకగా చూడవద్దని నా విన్నపం. అది వారి గౌరవానికి సంబంధించిన విషయం కనుక, అనుమతి ఉన్న చోటనే కెమెరా తీయండి.

సమాధానం (గిండీ)

ఎస్వాటినీ నుంచి తిరిగి దక్షిణాఫ్రికాలోకి రావాలి కాబట్టి, ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించగల దక్షిణాఫ్రికా వీసానే అడగండి. ట్రావెల్స్ వారు ఈ మాట మరచిపోతే సరిహద్దులో చిక్కుకుపోతారు. ఎస్వాటినీ వీసా సంగతి కూడా ముందే తేల్చుకోండి. అడిస్ అబాబా మీదుగా ప్రయాణమైతే ఎల్లో ఫీవర్ టీకా పత్రం దగ్గర ఉంచుకోవడం మంచిది. టీకా ఇక్కడ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, పత్రం చెల్లుబాటు కావడానికి పది రోజులు పడుతుంది. మ్ఖాయా, హ్లానే ఉన్న తూర్పు పల్లపు ప్రాంతంలో మలేరియా ముప్పు ఉంది, మాత్రల గురించి వైద్యులను సంప్రదించండి. ఆగస్టు రాత్రులు చల్లగా ఉంటాయి, పెద్దవారికి స్వెటర్లు తప్పనిసరి.

దక్షిణాఫ్రికా రాండ్లు అక్కడ చెల్లుతాయి. భోజనం గురించి గది బుక్ చేసేటప్పుడే రాయండి. మొక్కజొన్న పిండి ముద్ద, చిక్కుడు గింజల కూర వండిపెడతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. క్రూగర్‌లో ఒక రాత్రి తగ్గించి, మ్ఖాయాలో ఒకటి, ఎజుల్వినీలో రెండు ఉండేలా మార్చమని ట్రావెల్స్ వారికి ఈరోజే చెబుతున్నాను. వీసా దరఖాస్తు ఇంకా పెట్టలేదు కనుక ఆ సూచన సరిగ్గా సమయానికి అందింది.