ఒకే సెట్‌టాప్ బాక్స్‌తో అమ్మ గదిలో టీవీ కూడా నడవాలంటే?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక అమ్మ వెనక గదిలోంచి హాల్లోకి రాలేకపోతోంది. మధ్యాహ్నం ఎస్వీబీసీలో స్వామివారి కల్యాణోత్సవం చూడందే అన్నం ముట్టని మనిషి. అందుకే పాత డబ్బా టీవీ ఆమె మంచం ఎదురుగా పెట్టాను.

డిష్ వైరుకి స్ప్లిటర్ వేసి, ఇంకో బాక్స్ తెచ్చి చూశాం. ఒకచోట ఛానల్ మారిస్తే రెండోచోట సిగ్నల్ పోతోంది. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీకి బాక్సుల నుంచి వెళ్లే 13, 18 వోల్టుల తేడా వల్లే అలా అవుతుందని, రెండు బాక్సులకి విడివిడిగా సిగ్నల్ ఇచ్చే ట్విన్ ఎల్ఎన్‌బీ వేయాలని మెకానిక్ అన్నాడు.

మాకు రెండు టీవీల్లో ఒకే ఛానల్ వచ్చినా చాలు. బాక్స్ నుంచి హాల్ టీవీకి హెచ్‌డీఎంఐ వెళ్తోంది, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ అవుట్ ఖాళీగా ఉంది. మిద్దె మీది పాత యాంటెన్నా కేబుల్ హాలు గోడ మీదుగా అమ్మ గదిలోకే దిగుతుంది, 40 అడుగులు ఉంటుంది. కొసన రాగితీగ పచ్చగా చిలుము పట్టింది.

ఏవీ అవుట్‌కి ఆర్ఎఫ్ మాడ్యులేటర్ (ఏవీ సిగ్నల్‌ని యాంటెన్నా ఛానల్‌గా మార్చే పెట్టె) పెట్టి ఆ కేబుల్లోంచే పంపితే బొమ్మ సరిగ్గా వస్తుందా? యాంటెన్నా వైపు కొస ఊడదీయాలా? లేక కొత్త ఆర్‌జీ-6 కేబుల్ లాగడమే మంచిదా? ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.