తీపి ఎక్కువ తాగితే ఒంట్లో రాగి తగ్గుతుందా?

ఆదోని చెల్లెలు:
మా అన్న కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీలో గుమాస్తా. ఎండాకాలం వస్తే చాలు, సద్ది విప్పకుండానే ఇంటికి తెస్తాడు. పొద్దంతా నన్నారి షర్బత్, కూల్‌డ్రింకులే. మొన్న స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. చక్కెర ఎక్కువైతే ఒంట్లో రాగి పడిపోతుందని పక్కింటావిడ చెప్పింది. ఇక మా అమ్మ షర్బత్‌లో నిమ్మకాయ పిండి, రాగి బాటిల్‌లో పోసి పంపుతోంది. సాయంత్రం కడగబోతే లోపల కొత్తదానిలా తళతళలాడుతోంది. అన్నకేమో తాగిన కాసేపటికే కడుపులో తిప్పుతోందట. చక్కెరకూ రాగికీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే ఏం చేయాలి?

నంద్యాల ల్యాబ్ అన్న:
చెల్లెమ్మా, ముందు ఆ బాటిల్ మాన్పించు. ఈరోజే. లోపల మెరుస్తోందంటే నిమ్మ పులుపు పైపొరను కరిగించింది, అది షర్బత్‌లోకే పోయింది. చింతపండుతో చెంబు తోమితే జరిగేది అదే కదా! రాగి పాత్రలో ఉత్త నీళ్లు తప్ప నిమ్మరసం, మజ్జిగ, పులుసు ఏవీ పోయకూడదు. కడుపులో తిప్పడం, వాంతులు, కడుపునొప్పి దానివల్లే రావచ్చు. స్టీలు బాటిల్ ఇవ్వండి.

కడప హోంసైన్స్ టీచర్:
సంబంధం గాలిమాట కాదమ్మా. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. 1980లలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు రాగి తక్కువున్న మేత ఎలుకలకు పెట్టారు. పిండిపదార్థంతో తిన్నవాటికంటే ఫ్రక్టోజ్‌తో తిన్నవి బాగా దెబ్బతిన్నాయి. మగ ఎలుకల గుండెలు ఉబ్బి చచ్చిపోయాయి, ఆడవి చాలావరకు తట్టుకున్నాయి. 1985లో మగవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. వాళ్లకు పెట్టిన తిండిలో రోజుకు సుమారు 1 మిల్లీగ్రాము రాగి, కేలరీల్లో 20 శాతం కొందరికి ఫ్రక్టోజ్, కొందరికి పిండిపదార్థం. ఫ్రక్టోజ్ తిన్నవాళ్ల ఎర్రకణాల్లో రాగితో పనిచేసే ఒక ఎంజైమ్ తగ్గింది. 24 మందిలో నలుగురికి గుండె తేడాలు కనిపించాయి.

అయితే 1989లో వచ్చిన మరో పరీక్షలో ఫ్రక్టోజ్ తిన్నవాళ్ల ఒంట్లో రాగి ఇంకా ఎక్కువే నిలిచింది! అందుకే మనుషుల విషయంలో ఇది తేలిన లెక్క కాదు. నా అభిప్రాయం అడిగితే, మీ అన్న విషయంలో అసలు నష్టం సద్ది మూత తీయకపోవడమే. పెద్దవాళ్లకు రోజుకు 0.9 మిల్లీగ్రాము రాగి చాలంటారు. చెనిక్కాయలు, నువ్వులు, శనగలు, ఉలవలు, కార్జం, వీటిలో అది దండిగా ఉంటుంది. చక్కెరలో లేనట్టే. కడుపు షర్బత్‌తో నిండితే ఇవి తినేదెప్పుడు? 300 మిల్లీలీటర్ల కోలాలోనే 30 గ్రాములకు పైగా చక్కెర. ఫ్యాటీ లివర్‌కు అది తగ్గించడమే మొదటి మందు, రాగి సంగతి ఎలా ఉన్నా.

ఆదోని చెల్లెలు:
చాలా థ్యాంక్స్ మేడమ్. బాటిల్ అటక ఎక్కించాను, అమ్మ అలిగింది. ఇంకో సంగతి అన్నా, కరోనా నాటి నుంచి మా అన్న రోజూ 50 మిల్లీగ్రాముల జింక్ మాత్ర వేసుకుంటున్నాడు. ఎవరూ మానమని చెప్పలేదు. ఈమధ్య అరికాళ్లు తిమ్మిరి అంటున్నాడు.

నంద్యాల ల్యాబ్ అన్న:
చెల్లెమ్మా, చక్కెర కంటే నాకు దీని మీదే అనుమానం. జింక్ ఎక్కువైతే పేగు గోడలో ఒక ప్రొటీన్ పెరుగుతుంది. తిన్న రాగిని అది పట్టేసుకుంటుంది, ఆ కణాలు రాలినప్పుడు విరేచనంలో పోతుంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు జింక్‌ను మందుగా ఇచ్చేది అందుకే. ఏళ్ల తరబడి వేసుకుంటే రాగి తగ్గి రక్తహీనత, తెల్లకణాలు పడిపోవడం, కాళ్ల తిమ్మిరి రావచ్చు. బి12 లోపం కూడా ఇలాగే కనబడుతుంది, షుగర్ ఉన్నా తిమ్మిర్లు వస్తాయి.

మాత్రల డబ్బాతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సీబీసీ (రక్తకణాల లెక్క), సీరం కాపర్ (రక్తంలో రాగి), సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్), బి12, షుగర్ చూడమని అడగండి. ఒంట్లో ఎక్కడైనా వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే కాపర్ లెక్క ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది, అందుకే జ్వరం ఉన్నప్పుడు ఈ పరీక్షకు రక్తం ఇవ్వొద్దు. రాగి మాత్రలు సొంతంగా కొనొద్దు. విల్సన్ జబ్బు కూడా లివర్‌లోనే మొదలవ్వొచ్చు, అది కాదని డాక్టర్ తేల్చాకే ఆ మాట.